ఐదు వోల్టుల తీర్మానం

అగ్గిపెట్టెలో సగం కూడా లేని వైర్‌లెస్ బోర్డుకు ఎన్ని వోల్టులు పట్టించాలన్నది, రాజ్యాల సరిహద్దులు గీయడంకన్నా గంభీరమైన వ్యవహారం. అందుకై షిరే నది ఒడ్డున, ఫైనెసి మొక్కజొన్న చేనుగట్టున మహాసభ కొలువుదీరింది. సభ్యులిద్దరు: రేడియోలు బాగుచేసే లింబానీ, బడిపంతులు సికెలో. ఫైనెసి వంతుకు దిగులు మిగిలింది. నీటిగుర్రాలు ఏటినుంచి పైకొస్తే గట్టున కట్టిన తీగ తెగుతుంది, బోర్డు కబురంపుతుంది, ఇంట్లో గంట మోగుతుంది, ఆమె డబ్బా వాయిస్తూ పరుగెత్తుతుంది. మోగకపోతే ఏడాదంతా పొయ్యిమీద మొక్కజొన్న పిండి న్సీమా ముద్ద ఉడకదు.

"సోలార్ పలక పెట్టి మోటార్‌సైకిల్ బ్యాటరీ తగిలిద్దాం. ఐదు నుంచి పన్నెండు వోల్టులని బోర్డుమీదే రాసుందిగా!" అన్నాడు లింబానీ.

"సోలార్ పలక ఛార్జింగ్ ఎక్కిస్తుంటే ఆ బ్యాటరీ పద్నాలుగు దాటుతుందయ్యా. బోర్డు మాడి మసైపోద్ది," అన్నాడు సికెలో.

"వోల్టులు ఎక్కువుంటేనే కబురు దూరం పోతుంది మాస్టారూ. ఐదైతే గట్టు కూడా దిగదు."

"ఎంత పోసినా లోపలి రెగ్యులేటర్ మూడు చిల్లర వోల్టులే వదుల్తుంది. మిగిలిందంతా వేడి. దానిమీద టీ కాచుకుంటావా?"

"మీ లెక్కలు నాకెందుకయ్యా! గంట మోగుద్దా, మోగదా?" అంది ఫైనెసి.

పొద్దు వాలేవేళకు పంతులు తన ఫోను పవర్ బ్యాంకును జేబులోంచి తీసి, కిరీటం తొడిగినంత శ్రద్ధగా బోర్డుకు తగిలించాడు. కచ్చితంగా ఐదు వోల్టులు! లింబానీ తీగను ఊడదీశాడు. అల్లంత దూరాన ఇంట్లో గంట మోగింది.

"మోగిందక్కా! ఇక నిశ్చింతగా పడుకో," అన్నాడు లింబానీ, పంతులు గెలుపును కూడా తన ఖాతాలోనే వేసుకుంటూ. తీగను మళ్లీ కలిపి, బోర్డును పెట్టెలో పెట్టి మూసి, ఇద్దరూ సంధి కుదిరిన రాజుల్లా చేతులు కలుపుకున్నారు.

తెల్లవారేసరికి చేను లేదు. తొక్కుడుపడిన దంట్లు, బురదలో గుండ్రటి అడుగులు, తెగిన తీగ. గంట మాత్రం మోగలేదు.

"మాడిపోయుంటుంది. చూస్కోండి మీ ఐదు వోల్టులు!" అంటూ లింబానీ పెట్టె తెరిచాడు.

బోర్డు మాడలేదు. నిన్న పెట్టినట్టే తళతళలాడుతోంది. పంతులు పవర్ బ్యాంకు మీట నొక్కాడు. నాలుగు దీపాలూ వెలిగాయి. మరుక్షణం ఇంట్లో గంట గణగణ మోగింది. దంట్ల మధ్య కూలబడిన ఫైనెసి తల తిప్పలేదు.

బోర్డు తాగే కరెంటు మరీ చుక్కంత కావడంతో, ఫోను నిండిపోయిందనుకుని, నిన్న పెట్టె మూసిన కాసేపటికే పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోయింది.