పదమూడో చిల్లు

"రేపు పొద్దున ఈ అయస్కాంతం ఒక్క చిల్లు దగ్గర అంటుకోకపోయినా, ఎల్లుండి నుంచి నువ్వు రావద్దు మేస్త్రీ" అన్నాడు షెడ్డు ఓనరు.

తెల్లకారు అద్దం మీద సుద్దముక్కతో 13 అని రాశాడు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు అమ్మేసిన కారు అది. పైన క్యారియర్ పీకారు, తలుపుల మీద బోర్డులు పీకారు. చిల్లులు మిగిలాయి. రంగు వేసేలోగా అవన్నీ పూడాలి.

"ఇనుము బదులు పుట్టీ మెత్తేవాణ్ణా సార్ నేను?"

"పుట్టీ మెత్తవు. చిల్లు వదిలేస్తావు. పోయిన వారం వదిలేసినదాంట్లోంచి నీళ్ళు కారి, ఆ కారు తాలూకు పెద్దమనిషి నా గొంతు మీద కూర్చున్నాడు. నీ కళ్ళకి పొరలొచ్చాయి. ఒప్పుకోవు."

మేస్త్రి ఒప్పుకోలేదు. ఆ పని తప్ప అతనికి మరో పని రాదు. ఇంట్లో మాట్లాడే మనిషి కూడా లేదు.

చిల్లుకి వెనక రాగిముక్క ఆనించి, ముందునుంచి వెల్డింగ్ చుక్క పెట్టాడు. ఇనుము రాగికి అంటదు, చిల్లులోనే గడ్డకడుతుంది. తరవాత అరగదీస్తే చిల్లు ఎక్కడుందో కన్నతల్లికి కూడా తెలియదు. ఒకప్పుడు ఆ రాగిముక్క పట్టుకునేది భార్య. ఇప్పుడు తనే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వెల్డింగ్ పెడుతున్నాడు.

పైన ఎనిమిది. తలుపులకి నాలుగు. పన్నెండు అయ్యాయి. పదమూడోది దొరకలేదు. కారంతా రెండుసార్లు వేళ్ళతో తడిమాడు. లేదు.

అవతల రంగు డబ్బా కలుపుతున్న పెయింటరు నవ్వాడు. మేస్త్రికి స్వయానా బావమరిది.

"ఏం బావా, కారుకి ఒళ్ళు పడుతున్నావా?"

మేస్త్రి అతనితో మాట్లాడి ఏడాదయింది. సొంత చెల్లెలి చివరిచూపుకి అంతా అయిపోయాక వచ్చిన మనిషితో మాటలేమిటి? చెప్పాల్సింది ఏమన్నా ఉంటే కారుతో చెబుతాడు.

"పైపై మెరుగులు పూసేవాళ్ళకి లోపలి పని ఏం తెలుస్తుందే" అన్నాడు కారు తలుపుతో.

"అబ్బో. పదమూడోది దొరికిందేమో ఆ తలుపునే అడుగు బావా."

పొద్దు వాలింది. మేస్త్రి కళ్ళకు పెట్టుకునే వెల్డింగ్ మాస్కు తీసి సంచిలో వేసుకున్నాడు. షెడ్డులో ఉన్నది అదొక్కటే. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి మాస్కు లేకుండా వెల్డింగ్ చేశాడు. కళ్ళలో ఇసుక పోసినట్టయి, రెండు రోజులు కళ్ళ మీద బంగాళదుంప చక్రాలు పెట్టుకుని చీకటి గదిలో పడుకున్నాడు. అప్పటినుంచి మాస్కు ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

"దాన్ని కూడా ఇంటికి మోసుకెళ్తావేం బావా, అన్నం పెడతావా?" అన్నాడు పెయింటరు.

మేస్త్రి కారు తలుపు మీద ఒక్క చరుపు చరిచి ఇంటికి నడిచాడు.

పొద్దున్నే ఓనరు వచ్చాడు. ఒక చేతిలో అయస్కాంతం, ఒక చేతిలో ఫోను. కారు వచ్చిన రోజే చిల్లులన్నిటికీ ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. పైన ఎనిమిది చోట్లా అయస్కాంతం టక్కున పట్టింది. తలుపుల మీద నాలుగు చోట్లా పట్టింది.

మేస్త్రి సంచి భుజానికి తగిలించుకున్నాడు. పొమ్మనిపించుకుని వెళ్ళడం కన్నా ముందే కదలడం మర్యాద.

ఓనరు డిక్కీ అంచున రబ్బరు పక్కకి లాగాడు. వైరు దూర్చడానికి ఎవడో పొడిచిన చిల్లు అక్కడ ఉండాలి. రంగు వేసేముందు రబ్బరు పీకితే తప్ప కనపడని చోటు.

అయస్కాంతం టక్కుమంది.

"పదమూడు" అన్నాడు ఓనరు. "ఇదొక్కటీ కాస్త గరుకుగా ఉంది. అయినా ఇనుమే. నోరు జారాను మేస్త్రీ, మనసులో పెట్టుకోకు. వారం సెలవు తీసుకుని ఆ కళ్ళు చూపించుకో. నీ చోటు ఎక్కడికీ పోదు."

"మీ దయ సార్" అన్నాడు మేస్త్రి. ఆ మాట అతని నోట రావడం ఓనరు ఎన్నడూ వినలేదు.

ఒంటరిగా మిగిలాక మేస్త్రి ఆ చోట వేలు పెట్టి చూశాడు. చేతకాని చెయ్యి. చుక్క మీద చుక్క, వంకరటింకరగా. ఆకురాయితో ఎంతసేపు అరగదీశారో పాపం. రాగిముక్క పట్టుకోవడమే తప్ప భార్యకి ఏనాడూ వెల్డింగ్ రాలేదు. పెడితే ఇలాగే పెట్టి ఉండేది. అతను చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, డిక్కీకి దణ్ణం పెట్టాడు.

"ఇంకా నన్ను కనిపెట్టుకునే ఉన్నావా" అన్నాడు మెల్లగా.

"మేస్త్రీ" ఓనరు లోపలినుంచి కేకేశాడు. "పెయింటరు ఇంకా లేవలేదేమిటి? వెళ్ళి లేపు. రంగు పడాలి."

షెడ్డు వెనక గదిలోనే బావమరిది కాపురం. మేస్త్రి వెళ్ళి, అలవాటు ప్రకారం గుమ్మంతో చెప్పాడు. "ఓనరు పిలుస్తున్నాడని చెప్పవే."

తలుపు నెట్టాడు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది.

"ఎవరది? తలుపు వేసెయ్యండి, వెలుతురు గుచ్చుకుంటోంది" అన్నాడు బావమరిది.

వెల్లకిలా పడుకుని ఉన్నాడు, రెండు కళ్ళ మీదా రెండు బంగాళదుంప చక్రాలు.