మిస్ ఆష్‌వర్త్

"మిస్ ఆష్‌వర్త్, మీ ప్రోగ్రాం మళ్ళీ మొరాయించింది!" యంత్రం పక్కనుంచి అరిచాడు ఇంజనీరు పికరింగ్.

"నా ప్రోగ్రామా, మీ యంత్రమా?" అంటూ లేచింది హిల్డా. పొద్దున వానలో తడిసిన ఎడమ భుజం ఇంకా చల్లగానే ఉంది. ఏ మిల్లుకి ఏ రోజు ఎన్ని బేళ్ళ పత్తి పంపాలో కంప్యూటర్ చెప్పేలా ప్రోగ్రాం రాసింది ఆమె. మాంచెస్టర్‌లో ఇంకెవరూ చెయ్యని పని. ఇవాళ డైరెక్టరు క్రాబ్‌ట్రీ ముందు అది నడిచి తీరాలి. ఆయన అప్పటికే లోపలికి వచ్చేశాడు.

హిల్డా, ప్రోగ్రాంని చిల్లులుగా కొట్టిన కాగితపు పట్టీని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, చిల్లుల వరస మీద వేలు నడిపించింది.

"ఇదిగో. మీ యంత్రం ఇక్కడో చిల్లు ఎక్కువ కొట్టింది."

ఆ చిల్లు మీద చిన్న కాగితం ముక్క అంటించి, పట్టీని మళ్ళీ యంత్రానికి ఎక్కించింది. యంత్రం గడగడమంటూ అంకెలు కక్కసాగింది.

"శభాష్ పికరింగ్!" క్రాబ్‌ట్రీ అతని కుడి భుజం తట్టి, తడైన చేతిని కోటుకి తుడుచుకున్నాడు.

"రాసింది ఆవిడ సార్. నాకంత బుర్ర లేదు," చిటపటలాడుతూనే అన్నాడు పికరింగ్.

"ఆడపిల్లలకి అల్లికలు అలవాటేగా, ఇదీ అలాంటిదే," అని కొట్టిపారేశాడు క్రాబ్‌ట్రీ. ఎంత పని చేస్తే ఏం, ఆ మాటకి హిల్డా ప్రాణం ఉసూరుమంది. "అన్నట్టు అమ్మాయ్, నువ్వు గుట్టుగా పెళ్ళి చేసుకున్నావని టైపిస్టులు చెవులు కొరుక్కుంటున్నారు. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఇక్కడ ఉద్యోగం ఉండదు. రూలు తెలుసుగా?"

ప్రోగ్రాం రెండో భాగం ఇంకా హిల్డా తలలోనే ఉంది. ఈ గది దాటితే ఇక ఆ యంత్రాన్ని ముట్టుకోనివ్వరు.

పికరింగ్ పకపకా నవ్వాడు.

"ఈవిడకి పెళ్ళా! ఈ నోటితో ఈవిడని భరించేవాడెవడు సార్?"

గదంతా గొల్లుమంది. క్రాబ్‌ట్రీ కూడా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. హిల్డా చెవులు ఎర్రబడ్డాయి.

"రెండో భాగం రేపు రాసి మీ మొహాన కొడతాను," అంది.

"కొట్టండి. అది రాయగలిగేది ఈ ఊళ్ళో మీరొక్కరే," అని గొణిగి పనిలో పడ్డాడు పికరింగ్.

సాయంత్రం మళ్ళీ వాన. హిల్డా బస్సు దిగి, వీధి మలుపు తిరిగి, ఆఫీసు వాళ్ళెవరూ లేరని చూసుకుని ఎడమ చెయ్యి చాపింది.

గొడుగు పట్టుకున్న పికరింగ్ జేబులోంచి ఉంగరం తీసి భార్య వేలికి తొడిగాడు.