ఒకట్ల స్థానం

పొద్దున నాలుగో తరగతి పిల్లలకు కొమురెల్లి పంతులు చెప్పిన పాఠం అదే. సంఖ్యను దగ్గరి పదికి మార్చాలంటే ఒకట్ల స్థానం చూడాలి. అక్కడ ఐదుకన్నా తక్కువుంటే తుడిచి సున్నా పెట్టు. ఐదో, అంతకు మించో ఉంటే పదుల స్థానంలో ఒకటి పెంచి సున్నా పెట్టు. పిల్లలు ఎంగిలి వేళ్లతో పలకల మీద అంకెలు తుడిచేశారు. ఎంత సులువో!

సాయంత్రానికి అదే బడిలో ఆ లెక్కే అతని మెడకు చుట్టుకుంది.

అది డెబ్బయ్యారో సంవత్సరం. మడికొండ అవతల ఉన్న ఆ ఊరి బడిలో మగవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. మనుషుల్ని తెచ్చే పని పంతుళ్లది. తేకపోతే జీతం ఆగుతుంది. కొమురెల్లికి ఆగి మూడు నెలలైంది. సరోజనకు ఒక్క చీరైనా కొనలేకపోయామని అతని తల్లి రాజక్క రోజూ కళ్లొత్తుకుంటోంది.

కాళ్లరిగేలా తిరిగి నలుగుర్ని తెచ్చాడు. క్యాంపులో మొత్తం నలభై నాలుగయ్యారు.

ఆఫీసరు రిపోర్టులో నలభై వేశాడు. పైవాళ్లు పదుల్లోనే అడుగుతారట. చివరొచ్చిన నలుగురూ లెక్కలోకి రారట. కాబట్టి కొమురెల్లి పేరెదురుగా సున్నా. ఉన్నదున్నట్టు రాయమని కొమురెల్లి బతిమాలాడు.

"పంతులువి, ఈ లెక్క నీకు నేను చెప్పాలా?" అన్నాడు ఆఫీసరు. "ఇంకొక్కణ్ణి తీసుకురా. నలభై ఐదైతే యాభై వేస్తా. నీ జీతమూ వస్తుంది."

ఊళ్లో మగపురుగు కనబడితే కదా! జీపు చప్పుడు వినగానే అందరూ జొన్నచేలల్లో దూరారు. కొమురెల్లికి ఏడుపొక్కటే తక్కువ. పోయి పోయి సరోజన తండ్రి రాయమల్లు ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

సంగతంతా విని రాయమల్లు చుట్ట ఆర్పేశాడు.

"నేనొస్త పా అల్లుడా. మన్మన్ని ఎత్తుకునే ఈడు నాది. నాకిప్పుడేం పోతది?"

"వద్దు మామా."

"జర ఊకో. నా బిడ్డ కోసమే గదా."

రాయమల్లుకు యాభై నాలుగేళ్లు. యాభై దాటితే డాక్టరు ఒప్పుకోడు. ఒకట్ల స్థానంలో ఉన్నది నాలుగే కదా, కొమురెల్లి సిగ్గు చంపుకుని దాన్నీ తుడిచేశాడు.

దీపాలు పెట్టే వేళకు నలభై ఐదయ్యారు. యాభై అని రాసిన రిపోర్టుతో జీపు హనుమకొండ వెళ్లింది. కొమురెల్లి ప్రాణం కుదుటపడింది.

తిరిగొచ్చిన జీపు డ్రైవరు ఒక కబురు తెచ్చాడు. రేపు పొద్దున్నే పెద్దసారు వస్తాడట, యాభై మందినీ కళ్లారా చూస్తాడట.

ఆఫీసరు ముఖం మాడిపోయింది. తలుపు మూయించి గది చుట్టూ చూశాడు. పంతుళ్లు ముగ్గురు, ఒక గుమాస్తా, ఒక జవాను. సరిగ్గా ఐదుగురు.

"ఊరందరికీ చెప్పారుగా," అన్నాడు. "ఇప్పుడు మీరు చేయించుకోండి."

కొమురెల్లి తలుపు వైపు జరిగాడు. ఇంటికి పోదాం రమ్మని బయట బెంచీ మీదినుంచి రాయమల్లు పిలుస్తున్నాడు. కాంపౌండరు వచ్చి ముందుగా కొమురెల్లి చేయి పట్టుకున్నాడు.

అతను సరోజన మెడలో తాళి కట్టాల్సింది వచ్చే ఆదివారం.