పూడ్చిన గుంట

ఆదివారం తెల్లారేసరికి ఆకాశం వానా కురవక, ఎండా కాయక, బూడిద రంగు దుప్పటిలా లోయ మీద వేలాడుతోంది.

క్లారీ బండి దిగేటప్పటికే మెర్విన్ సర్కారు అడవిలో ఓ మొద్దు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మోకాళ్లకి ఎర్రమట్టి.

"ఎన్నింటికొచ్చావురా?" అన్నాడు క్లారీ.

"ఇందాకే."

"ముందొస్తే ముందు దొరుకుద్దనుకున్నావా? బంగారానికి మనిషి నచ్చాలిరా, మెర్వ్."

మెర్విన్ మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. పద్నాలుగు నెలలుగా ఇదే మాట. ప్రతి ఆదివారం క్లారీకి ఓ బంగారు పలుకు తగులుతుంది. మెర్విన్‌కి దొరికేవి తుప్పు మేకులు, పాత తూటా తొడుగులు.

నేల కింది లోహాన్ని పసిగట్టే డిటెక్టర్లు బిగించుకుంటుంటే అటవీశాఖ అమ్మాయి వచ్చి, బంగారం వెతికే పర్మిట్లు అడిగింది. చేతి పనిముట్లే వాడాలని, తవ్విన గుంట పూడ్చాలని పాఠంలా అప్పజెప్పింది.

"పూడ్చడం మావాణ్ణి అడుగు తల్లీ," అన్నాడు క్లారీ. "గుంట పూడ్చి ఆకులు పరిచాడంటే కాకికి కూడా ఆనవాలు దొరకదు. లోపల ఏమీ ఉండదనుకో, అది వేరే సంగతి."

ఆమె నవ్వి, అతని కాగితం తిరగేసింది. "మీది ఇవాళ్టితో సరి, పెద్దాయనా. కొత్తది తీసుకోండి. మళ్లీ పదేళ్లు."

"పదేళ్లా? ఆ కాగితం నాకంటే ఎక్కువ కాలం బతుకుద్దమ్మా."

ఆమె వెళ్లాక క్లారీ గొంతు తగ్గించాడు. "నిజంగానేరా. ఇవాళ ఏమీ తగల్లేదంటే మానేస్తా. కుర్చీ ఉంది, కిటికీ ఉంది."

ఆ కుర్చీ మెర్విన్‌కి తెలుసు. గుండె ఆపరేషన్ తర్వాత క్లారీ ఎనిమిది నెలలు దాన్ని వదల్లేదు. తిండి సయించలేదు. మాట లేదు. అతని భార్య నోలా వంటింట్లోకి పోయి ఏడ్చేది. అతన్ని లేపింది ఈ బంగారం పిచ్చే.

తగలకపోతే బాగుండు, అనిపించింది మెర్విన్‌కి. వెంటనే సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ఊహ పోలేదు.

పలుకు తెచ్చిన ప్రతిసారీ నోలా మొగుడి నడినెత్తిన ముద్దు పెడుతుంది. నలభై మూడేళ్ల కిందట ఊరి హాల్లో ఆమె మెర్విన్‌తో రెండు పాటలకి ఆడింది. మూడో పాటకి క్లారీ చెయ్యి పట్టుకుంది. ఇప్పటికీ విడవలేదు.

క్లారీ కుడివైపు వాగు కేసి నడిచాడు. పది అడుగులు. ఇరవై. మెర్విన్ చూస్తూ కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారింది.

"ఎడమకి పోరాదూ," అన్నాడు చివరికి. "వాగు వైపు పోయిన వారం చూశాంగా."

"మంచి చోటు నాకొదిలి నువ్వేం చేస్తావురా, వెర్రోడా?"

పావుగంటకి ఎడమవైపు నుంచి డిటెక్టర్ కీచుమంది. ఎండాకుల కింద, బెత్తెడు లోతున, పెసరగింజంత పలుకు. క్లారీ దాన్ని నోట్లో వేసుకుని చప్పరించి, అరచేతిలో ఉమ్మి, చిన్నపిల్లాడిలా చూసుకున్నాడు.

"రేపు పొద్దున్నే పర్మిట్ కొంటున్నా," అన్నాడు. "గుంట నువ్వు పూడ్చెయ్."

మెర్విన్ పూడ్చాడు. మట్టిని కావలసిన దానికంటే గట్టిగా తొక్కాడు.

ఇంటికెళ్లాక పలుకు నోలా చేతిలో పడింది. క్లారీ నడినెత్తిన ముద్దు పడింది. మెర్విన్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె పలుకుని వంటింటి అరలోని నీళ్ల సీసాలో వేసింది. సీసాలో ఎన్ని ఉన్నాయో క్లారీ ఏనాడూ చూడడు. ఎంచితే అదృష్టం పోతుందని ఆ లోయవాళ్ల పట్టింపు.

"కూర్చో మెర్వ్, చల్లారిపోతోంది," అంది నోలా.

కాల్చిన గొర్రె మాంసం, గుమ్మడి ముక్కలు. క్లారీ తలొంచుకుని మాంసం కోసుకుంటున్నాడు.

నోలా రొట్టెల పళ్లెం అందిస్తూ, వేళ్లు తగిలీ తగలకుండా, సీసాలోంచి తీసిన, వచ్చే ఆదివారం పాతిపెట్టాల్సిన పలుకుని పళ్లెం కిందుగా మెర్విన్ అరచేతిలో పెట్టింది.