కడగని ముక్క

“మార్చెయ్యి తల్లీ. ముక్కు కాస్త వంకర తిప్పితే చాలు, మా తాతని ఇంకెవరూ గుర్తుపట్టరు.”

కొండమీది చర్చిలో పరంజా కింద నిలబడి బతిమాలుతున్నాడు రొట్టెలాయన. బట్టీ కొడుక్కి వదిలేసి వచ్చాడు. చొక్కా నిండా పిండి.

పైన గోడ మీద పాత బొమ్మ. ప్రభువు శిష్యులతో చేసిన ఆఖరి భోజనం. తాతల నాడు ఓ చిత్రకారుడు ఈ కొండ మనుషుల్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని వేశాడు. కప్పు కారి ఒక చివర పెచ్చులూడిపోయినా, మిగిలిన ప్రతి మొహానికీ ఊళ్ళో ఒక ఇల్లుంది. రొట్టెలాయన తాత మొహం సరిగ్గా కొవ్వొత్తుల స్టాండు పైన పడింది. మసిబారి నల్లబడింది. నల్లమొహం కాబట్టి ప్రభువుని పట్టిచ్చిన యూదా అతనేనని ఊరు తేల్చేసింది.

“నేను కడుగుతాను బాబాయ్, మార్చను,” అంది బొమ్మలు బాగుచేసే అమ్మాయి, పుల్లకి దూది చుడుతూ. “ఒక్క ముక్క మాత్రం కడక్కుండా వదిలేస్తాం. మునుపెలా ఉండేదో తెలియాలిగా.”

“ఆ ముక్క మా తాత మొహం కాకుండా చూడమ్మా! నాకైతే అలవాటైపోయింది. నా మనవరాలు ‘యూదా పిల్ల’ అంటున్నారని బడి మానేసి కూర్చుంది. దాని చెయ్యి పట్టుకుని నడిచేది కొవ్వొత్తులమ్మే బావ మనవరాలొక్కతే.”

ఆ బావే ఊరందరిలోకీ పెద్ద ఎగతాళి మనిషి. చేటల్లాంటి చెవులు. బొమ్మలోనూ అవే చెవులతో ఆయన తాత, రొట్టెలాయన తాత పక్కనే. “మావాడు పేతురు బావా, శిష్యులందర్లోకీ పెద్ద! పోయి పోయి మీవాడి పక్కన కూర్చున్నాడు, ఖర్మ!” అని ప్రతి ఆదివారం నవ్వుతాడు.

మధ్యాహ్నానికి మసి దిగింది. చల్లటి మొహం ఒకటి బయటపడింది. చేతిలో తుంచిన రొట్టె.

“యూదా చేతిలో డబ్బు సంచి ఉంటుంది బాబాయ్. మీ తాత యూదా కాదు.”

రొట్టెలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా పిండి అయింది. “మరి ఆ సంచి ఎవరి దగ్గరుంది?”

పక్కన జానెడు మసి ఇంకా మిగిలే ఉంది. ఆమె తడిగుడ్డ అద్దింది. “తడిపితే లీలగా కనబడుతుంది. ఆరితే మళ్ళీ నలుపే.”

ఒక పిడికిలి కనబడింది. అందులో సంచి. ఇద్దరి చూపులూ ఆ చేతి వెంట మోచేతికి, మోచేతి నుంచి భుజానికి ఎక్కాయి. ఆ పైన చేటల్లాంటి చెవులు.

రొట్టెలాయనకి పకపకా నవ్వాలనిపించింది. ఇన్నేళ్ళకి! నోరు తెరవబోయేలోగా బయట మెట్ల మీద కొవ్వొత్తుల బావ మనవరాలి గొంతు వినిపించింది.

“తాతా, మన పేతురు తాతని కూడా కడిగేశారా?”

ఆయన నవ్వు మింగేశాడు. మెల్లగా అడిగాడు: “అమ్మాయీ, ఆ కడగని ముక్క ఎక్కడ వదలాలో ఇంకా అనుకోలేదుగా?”

ఆమె ఆయన్ని చూసింది. ఆరిపోతున్న మసిని చూసింది. సుద్దముక్క తీసి ఆ పిడికిలి చుట్టూ గడి గీసింది.

కొవ్వొత్తుల బావ మనవరాలితో రొప్పుతూ లోపలికొచ్చాడు. “అరె, మీవాడి చేతిలో రొట్టె ఉందే! మరి యూదా ఎవరట బావా?”

“చిత్రకారుడు అసలు గీయనే లేదట బావా,” అన్నాడు రొట్టెలాయన. “ఈ కొండంతా వెతికినా అలాంటి మనిషి దొరకలేదట.”