గుంజి బిగించిన పైపు

“ఇంకొంచెం లాగండ్రా!” మేస్త్రీ తుగిమన్ కేకేశాడు. గొలుసు బిగుసుకుంది. చిలెగాన్ పట్టణపు ఎండలో కాలిపోతున్న పైపు మూలుగుతూ పంపు మూతి దగ్గరికి జరిగింది.

“ఆపండి!” కాగితాలతో వులన్ పరుగెత్తుకొచ్చింది. ఆ పైపు మీద పడే ఒత్తిళ్లన్నీ లెక్కగట్టిన ఇంజినీరు ఆమే. “పైపు దానంతటది వచ్చి కూర్చోవాలి. ఇలా గుంజి బిగిస్తే, ప్లాంటు వేడెక్కాక పంపు పగులుతుంది. ఈ గుంజుడు నా లెక్కలో లేదు.”

“లెక్కలో లేకపోతే అసలు లేనట్టేగా అమ్మా!” నవ్వాడు తుగిమన్, చెవి మీది లవంగం సిగరెట్టు సర్దుకుంటూ. “కోసి మళ్లీ అతకమంటే అతుకుతాం. కానీ రేపే ప్లాంటు అప్పగించాలి. మీ సారునడగండి.”

జకార్తా ఆఫీసు నుంచి హెంద్రో సారు ఫోన్‌లో విసుక్కున్నాడు. “డ్రాయింగు ప్రకారమే బిగించారని రాసి, సంతకం పెట్టి రా.”

“పంపు పగిలితే సార్?”

“నడిపేవాళ్లది తప్పు.”

ఆమె ఫోన్ పెట్టేసేసరికి బోల్టులు బిగించేశారు. గొలుసు విప్పేశారు. ఇప్పుడు చూస్తే ఏ వంకా కనపడదు.

వులన్ సంతకం పెట్టింది.

కాగితం అందుకుంటూ తుగిమన్ మెచ్చుకోలుగానే అన్నాడు.

“పోయినసారి వచ్చిన ఇంజినీరు కారు కూడా దిగకుండానే సంతకం పెట్టాడమ్మా. మీరు దిగారు.”