బన్నీకి చేసిన సమర్త

"రజస్వల అయ్యి ఎంత కాలమైంది?" అని డాక్టర్ సువర్ణ అడిగింది బన్నీని. జవాబు మాత్రం బన్నీ మామ్మ జగ్గమ్మ చెప్పింది.

"ఏడాది దాటిపోనాది డాక్టరమ్మా. సమర్త నా సేతుల్తో సేసినాను. ఏక్‌బాల్‌పూర్ బస్తీ అంతటికీ బూరెలు పంచినాను."

జగ్గమ్మ ఉన్నచోట ఇంకొకరికి మాట దొరకడం కష్టం. పద్నాలుగేళ్ళ బన్నీ పరీక్షబల్ల మీద కడుపు పట్టుకుని ముడుచుకుంది. తల్లి అప్పలలక్ష్మి గోడకు ఆనుకుని చీరచెంగు నలుపుతోంది.

పొత్తికడుపులో గడ్డ ఉందనీ, కోసి తీసెయ్యాలనీ, దాంతోపాటు గర్భసంచి కూడా పోవచ్చనీ బస్తీ డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి జగ్గమ్మకు ముద్ద దిగడం లేదు. మనవరాలంటే ఆమెకు ప్రాణం. ఆ ప్రాణాన్ని రోజుకొకసారైనా తిట్టకుండా ఉండలేకపోవడం వేరే సంగతి. రేవులో పనిచేసే కొడుకు పోలిరాజు ఆపరేషనుకు సరేనన్నాడు. జీవితంలో అత్తకు ఎదురుచెప్పి ఎరగని అప్పలలక్ష్మి మాత్రం ఈసారి మొండికేసింది. కత్తి పెట్టేముందు ఒక ఆడ డాక్టరు చూడాల్సిందేనని పిల్లను ఈ పెద్దాసుపత్రికి లాక్కొచ్చింది.

"నెలనెలా వస్తుందా?" అంది సువర్ణ.

"రాకేటి? మూడు దినాలూ మూల కూకుంటాది. నీళ్ళబిందె ముట్టనియ్యం."

"మరి నొప్పి ఎప్పుడొస్తది?"

"ఆ మూడు దినాలే. గిలగిల కొట్టుకుంటాది."

సువర్ణది వరంగల్. కలకత్తాలో చదివి, ఇక్కడే ఉద్యోగంలో చేరింది. ఆమె స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది. ఆ తర్వాత బన్నీ ముఖంలోకి చూసింది.

"మీరిద్దరు జర బయట కూసోండి. నర్సు ఉంటది."

లోపల ఏం అడిగిందో, ఏం చూసిందో గానీ, కాసేపటికి ఇద్దరినీ పిలిపించింది.

"గడ్డ కాదు పెద్దమ్మా. ఈ పిల్లకు ఇంతవరకు ఒక్కసారి కూడ బహిష్టు బయటికి రాలే."

జగ్గమ్మ నోరు తెరిచింది. సువర్ణ చేత్తో ఆపి, మళ్ళీ చెప్పింది.

"లోపల నెలనెలా అవుతనే ఉంది. అది బయటికొచ్చే దారికి పుట్టుకతోనే అడ్డంగ ఒక పల్చటి పొర ఉంది. రక్తమంత దాని వెనక నిలిచిపోయి కడుపు ఉబ్బింది. పొర కోసి దారి చేస్తే చాలు. గర్భసంచికి ఏం కాదు. రేపు పెండ్లయితే పిల్లలు గూడ పుడ్తరు."

"మరి నాను కళ్ళారా సూసిన మరక ఏటి?"

సువర్ణ బన్నీ వైపు తిరిగింది. బన్నీ తల దించుకుంది.

"పారాణి మామ్మా. పసుపూ సున్నమూ కలిపి లంగాకి నేనే పూసుకున్నాను. నా ఈడోళ్ళందరికీ అయిపోనాది, నీకేటి రోగమని రోజూ అడిగీదానివి. మీయమ్మ కడుపులోనే తేడా ఉన్నాదని అందరి ముందూ అనీదానివి. ఆ తర్వాత నొప్పొచ్చినప్పుడల్లా మూల కూకున్నాను."

జగ్గమ్మ చెయ్యి లేచింది. ఆ చెయ్యిని సువర్ణ మెల్లగా పట్టుకుంది.

"సమర్త చేసినమంటే ఆ డాక్టరు నమ్మిండు. నేను గూడ నమ్మితే రేపు గర్భసంచే పోయేది. ఇప్పుడు నిజం చెప్పి తనను తనే కాపాడుకుంది. దాన్ని కొడతవా పెద్దమ్మా?"

చెయ్యి దిగింది. జగ్గమ్మ స్టూలు మీద కూలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కోడలు కూడా ఏడ్చింది. ఎంత ఓదార్చినా ఊరుకోలేదు.

మర్నాడు పొద్దున ఆపరేషను చేశారు. పొరను జాగ్రత్తగా కోసి, నిలిచిన పాత రక్తాన్నంతా బయటికి వదిలి, దారి మళ్ళీ మూసుకుపోకుండా అంచులకు కుట్లు వేశారు. పోలిరాజు రెండో బీడీ ముట్టించేలోగా సువర్ణ బయటికొచ్చి, పిల్ల బాగుందని చెప్పింది. జగ్గమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది.

"కాళ్ళు మొక్కుడు వద్దు పెద్దమ్మా. మీ బస్తీల ఏ పిల్లకన్న నెలనెలా గిట్ల నొప్పొస్తే, దాచకుండ తీసుకురండి."

సాయంత్రానికల్లా వార్డులో జగ్గమ్మ కథ విననివాళ్ళు లేరు. "నలుగురు సూసి గడ్డన్నారు. ఆయమ్మ మా పిల్లగుంట మొకం సూసి కనిపెట్టీసింది. సేతుల్లో దేవుడున్నాడు," అని తెలుగూ బెంగాలీ కలిపి చెప్పింది. తన నోటిదురుసును కూడా దాచలేదు. గుంట అబద్ధమాడింది తనంటే భయంతోనేనని ఒప్పుకుంది. ఇక మీదట మనవరాలిని పల్లెత్తు మాట అననని, ఎవరూ అడక్కపోయినా ఒట్టు పెట్టుకుంది.

జగ్గమ్మ బన్నీకి వేడిపాలు తీసుకుని మంచం దగ్గరికి వచ్చేసరికి తెర వేసి ఉంది. లోపల అప్పలలక్ష్మి ఇంకా వెక్కుతోంది. బన్నీ గొంతు నీరసంగా వినిపించింది.

"ఏడకమ్మా, అది పూసింది నువ్వని సెప్పనులే."